మాస్కు లేనిదే ప్రవేశం లేదు: దుకాణదారు హక్కు ఎంతవరకు?

2020 వేసవిలో, కోవిడ్ మహమ్మారి నడుమ, అమెరికాలో కొందరు జేబులో ఒక కార్డు పెట్టుకుని దుకాణాలకు వెళ్లసాగారు. దాని మీద ఆ దేశపు న్యాయశాఖ ముద్ర, పక్కనే ‘ఫ్రీడమ్ టు బ్రీత్ ఏజెన్సీ’ అన్న పేరు. ఈ కార్డున్నవారికి మాస్కు అక్కర్లేదని, లోపలికి రానివ్వకపోతే వికలాంగుల చట్టం కింద 75,000 డాలర్ల జరిమానా పడుతుందని అందులో రాసి ఉంది. ఆ పేరుతో ప్రభుత్వ సంస్థ ఏదీ లేదు. ఆ కార్డులు నకిలీవని, తాము ఇచ్చినవి కావని జూన్ నెలాఖరుకు న్యాయశాఖే ప్రకటన చేయాల్సి వచ్చింది.

కార్డు నకిలీదే గానీ దాని వెనకున్న ప్రశ్న మాత్రం అసలైనదే. చేతిలో డబ్బు పట్టుకుని సరుకు కోసం వచ్చిన మనిషిని, ముఖానికి మాస్కు లేదన్న ఒక్క కారణంతో దుకాణదారు వెనక్కి పంపవచ్చా? అమెరికా, బ్రిటన్, కెనడా, భారతదేశం వంటి చోట్ల న్యాయం దాదాపు ఒకే మాట చెబుతుంది: పంపవచ్చు. అయితే ఆరోగ్య కారణాల వల్ల మాస్కు పెట్టుకోలేని మనిషైతే, సరుకు అతనికి చేరే మరో దారి చూపాలి. కోర్టుల్లో, ట్రిబ్యునళ్లలో జరిగిన వాదనలో ఎక్కువ భాగం ఈ ‘అయితే’ చుట్టూనే తిరిగింది.

అమ్మకపోయే స్వేచ్ఛ

కొట్టు తెరిచి ఉందంటే అడిగినవాడికల్లా అమ్మి తీరాలని చాలామంది అనుకుంటారు. ఇంగ్లండులో పుట్టి అమెరికాకూ మనకూ చేరిన కామన్ లా సంప్రదాయంలో అలాంటి నియమం లేదు. వచ్చినవాళ్లందరినీ ఆదరించాల్సిన బాధ్యత అందులో రెండు రకాల వృత్తులవారికే ఉండేది: బస ఇచ్చే సత్రాలవారికి, మనుషుల్నీ సరుకుల్నీ మోసుకెళ్లే బండ్లవారికి. పొద్దుగూకాక బాటసారిని సత్రంవాడు పొమ్మంటే అతను దొంగల పాలో చలి పాలో అవుతాడు. బట్టల కొట్టువాడు పొమ్మంటే పక్క కొట్టుకు వెళతాడు. పాత న్యాయమూర్తులు చూసిన తేడా ఇదే.

ఒప్పంద చట్టమూ దుకాణదారు పక్కనే ఉంటుంది. 1953లో ఇంగ్లండు అప్పీలు కోర్టు బూట్స్ మందుల కంపెనీ కేసులో ఒక సంగతి తేల్చింది. అరల్లో సరుకు పేర్చి ఉంచినంత మాత్రాన అమ్ముతానని మాట ఇచ్చినట్టు కాదు. కొనేవాడు సరుకు తెచ్చి గల్లా దగ్గర పెట్టినప్పుడు అతను కొంటానని ప్రతిపాదిస్తున్నాడు. ఒప్పుకోవడమో కాదనడమో కొట్టువాడి ఇష్టం. 1960లో బ్రిస్టల్ నగరంలోని ఒక దుకాణం కిటికీలో ధర చీటీతో కనిపించిన స్ప్రింగు చాకు కేసులోనూ ఇదే సూత్రం నిలిచింది. న్యాయ కళాశాలల్లో మొదటి ఏడాది విద్యార్థులు మన దేశంలోనూ ఈ రెండు కేసులూ చదువుతారు.

దీనికి స్థలం మీద హక్కు తోడవుతుంది. దుకాణం ప్రైవేటు ఆస్తి. తెరిచిన తలుపు లోపలికి రమ్మనే అనుమతి, ఆ అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. వెళ్లమన్నాక కూడా కదలనివాడు అక్రమ ప్రవేశం నేరానికి దగ్గరవుతాడు. 2021 మార్చిలో టెక్సాస్ రాష్ట్రం గాల్వెస్టన్ పట్టణంలో ఒక బ్యాంకు శాఖలో 65 ఏళ్ల మహిళను పోలీసులు అరెస్టు చేసినప్పుడు ఈ సంగతి లోకానికంతటికీ తెలిసింది. గవర్నర్ గ్రెగ్ ఆబట్ ఆ రాష్ట్రంలో మాస్కు ఆదేశాన్ని అంతకు ముందు రోజే ఎత్తేశారు. మాస్కు పెట్టుకోవాలనే చట్టమే లేనప్పుడు అరెస్టు ఏమిటన్నది ఆమె వాదన. గవర్నర్ ఉత్తర్వులోనే వ్యాపారులు తమ స్థలంలో మాస్కు అడగవచ్చని ఉంది. ఆమెను పట్టుకున్నది మాస్కు లేనందుకు కాదు, వెళ్లమన్నాక వెళ్లనందుకు.

ఈ స్వేచ్ఛకు ఇరవయ్యో శతాబ్దం కంచె వేసింది. 1960 ఫిబ్రవరి 1న ఉత్తర కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఊల్‌వర్త్ దుకాణంలో చిన్నాచితకా సరుకులు కొన్నారు. గల్లా దగ్గర డబ్బు తీసుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. అదే దుకాణంలోని భోజనం కౌంటరు దగ్గర కూర్చుంటే మాత్రం వడ్డించలేదు. 1964 పౌరహక్కుల చట్టం ఆ అవమానాన్ని ఉద్దేశించే వచ్చింది. కనుకనే అందులోని రెండో అధ్యాయం హోటళ్లు, భోజనశాలలు, సినిమా హాళ్లు, పెట్రోలు బంకుల పేర్లు చెప్పింది గానీ, మామూలు సరుకుల దుకాణాలను ఆ జాబితాలో చేర్చలేదు. ఈ ఖాళీ చాలామంది అమెరికన్లకే తెలియదు. దాన్ని రాష్ట్రాల చట్టాలు, 1866 నాటి మరో ఫెడరల్ చట్టం పూడుస్తున్నాయి.

కాలిఫోర్నియాలో 1959 నుంచి ఉన్న అన్రూ చట్టం అన్ని రకాల వ్యాపారాలకూ వర్తిస్తుంది. 1970లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. పొడుగు జుట్టు, వింత వేషం ఉన్న మనిషితో మాట్లాడుతున్నాడని ఒక యువకుణ్ణి షాపింగ్ సెంటరు నుంచి పొమ్మన్న కేసులో, కారణం లేకుండా ఎవరినీ వెళ్లగొట్టడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. అదే తీర్పు వ్యాపారానికీ భద్రతకూ సంబంధమున్న నియమాలను మాత్రం తప్పు పట్టలేదు. చొక్కా లేకుండా, చెప్పుల్లేకుండా వస్తే సేవ లేదనే బోర్డులు అమెరికా దుకాణాల తలుపుల మీద దశాబ్దాలుగా వేలాడుతున్నది ఆ ధైర్యంతోనే. జాతి, మతం, లింగం, వైకల్యం వంటి నిషిద్ధ కారణాల పట్టికలో ‘మాస్కు లేనివారు’ అన్న వర్గం ఎక్కడా లేదు. రాజకీయ నమ్మకంతో మాస్కు వద్దన్నవారికి ఫెడరల్ చట్టంలో తల దాచుకునే చోటు దొరకలేదు.

వైకల్యం అనే ఒక్క తలుపు

దొరికిందల్లా 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం. దాని మూడో అధ్యాయం దుకాణాలకు సూటిగా వర్తిస్తుంది. వైకల్యం ఉన్నవారికి అడ్డొచ్చే నియమాన్ని సహేతుకంగా సడలించాలని అంటుంది. సడలిస్తే వ్యాపారం స్వరూపమే మారిపోయేటట్టయితే అక్కర్లేదు. భద్రత కోసం నియమాలు పెట్టుకోవచ్చు, అయితే అవి ఊహల మీదో అపోహల మీదో కాక నిజమైన ప్రమాదం మీద ఆధారపడాలి. ఇతరుల ఆరోగ్యానికి ప్రత్యక్ష ముప్పు తెచ్చే వ్యక్తికి సేవ నిరాకరించవచ్చు.

ఈ చివరి మాటకు ఒక చరిత్ర ఉంది. 1987లో అమెరికా సుప్రీంకోర్టు క్షయవ్యాధి ఉన్న ఒక ఉపాధ్యాయురాలి కేసులోనూ, 1998లో హెచ్‌ఐవీ ఉన్న మహిళకు పుచ్చిపోయిన పన్ను పూడ్చడానికి తన క్లినిక్‌లో నిరాకరించిన దంతవైద్యుడి కేసులోనూ ఈ ముప్పును ఎలా కొలవాలో చెప్పింది. భయం కొలబద్ద కాకూడదు, వైద్యశాస్త్రం కావాలి. రోగి హక్కును కాపాడటానికి పుట్టిన ఆ సూత్రమే 2020లో దుకాణాల చేతికి అందింది. గాలి ద్వారా వ్యాపించే వ్యాధి, మూసిన గది, రోజుకు వందల మంది గిరాకీ: ముప్పు నిజమైనదని చూపడం వాళ్లకు కష్టం కాలేదు.

అసలు పోరాటం పిట్స్‌బర్గ్‌లో జరిగింది. జెయింట్ ఈగిల్ అక్కడి పెద్ద కిరాణా గొలుసు. పెన్సిల్వేనియా రాష్ట్ర ఆరోగ్యశాఖ ఉత్తర్వు మాస్కు తప్పనిసరి చేస్తూనే, అనారోగ్యం వల్ల పెట్టుకోలేనివారికి మినహాయింపు ఇచ్చింది, పత్రం చూపనక్కర్లేదనీ చెప్పింది. జెయింట్ ఈగిల్ మాత్రం లోపలికి రావాలంటే ముఖం మీద ఏదో ఒకటి ఉండాల్సిందేనంది. మాస్కు పెట్టుకోలేకపోతే పారదర్శకమైన ఫేస్ షీల్డ్ పెట్టుకోండి, అదీ కుదరకపోతే ఫోనులో ఆర్డరిస్తే కారు దగ్గరికే తెచ్చిస్తాం, ఇంటికి పంపిస్తాం అంది. పదుల సంఖ్యలో కొనుగోలుదారులు ఫెడరల్ కోర్టుకెక్కారు. రాష్ట్రమే వద్దన్న దాన్ని దుకాణం ఎలా అడుగుతుందన్నది వాళ్ల ప్రశ్న.

2020 అక్టోబరులో న్యాయమూర్తి నికొలస్ రంజన్ మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించారు. రాష్ట్రం పెట్టిన మినహాయింపు దుకాణం సొంత నియమం చేతులు కట్టేయదు. ప్రభుత్వ ఆదేశం కనీసపు గీత, దుకాణం అంతకంటే కఠినంగా ఉండవచ్చు. వికలాంగుల చట్టం అడిగేది సరుకు అందే సహేతుకమైన దారిని మాత్రమే, కొనుగోలుదారు కోరుకున్న దారినే కాదు. ఈ చివరి అంశం కొనుగోలుదారులకు రుచించదు. బండి తోసుకుంటూ టమాటాలు తానే ఏరుకోవడానికీ, ఎవరో ఏరి తెచ్చిన సంచీ అందుకోవడానికీ తేడా ఉంది. న్యాయం ఆ తేడాను కాదనలేదు, మహమ్మారి కాలంలో దాన్ని భరించదగినదిగా ఎంచిందంతే.

కాస్ట్‌కో కూడా ఈ దారే పట్టింది. 2020 మే 4 నుంచి మాస్కు తప్పనిసరి చేసినప్పుడు అనారోగ్యం ఉన్నవారికి మినహాయింపు ఇచ్చింది. నవంబరు 16 నుంచి దాన్నీ తీసేసి, మాస్కు కుదరనివారు ఫేస్ షీల్డ్ పెట్టుకోవాలంది. మినహాయింపును ఎవరైనా నోటిమాటగా వాడుకోవచ్చు. షీల్డ్ నియమంలో ఆ వెసులుబాటు ఉండదు.

దొంగ కార్డు మీది 75,000 డాలర్ల అంకె గాల్లోంచి ఊడిపడింది కాదు. వికలాంగుల చట్టంలో మొదటి ఉల్లంఘనకు పౌర జరిమానాగా కొన్నేళ్ల పాటు ఉన్న అంకె అదే. అయితే దాన్ని కోరగలిగేది కేసు వేసిన అటార్నీ జనరల్ మాత్రమే, ఆ డబ్బు వెళ్లేది ప్రభుత్వ ఖజానాకే. మామూలు మనిషి ఈ అధ్యాయం కింద దావా వేసి గెలిస్తే దొరికేది నియమం మార్చమనే ఉత్తర్వు, వకీలు ఖర్చులు. నష్టపరిహారం లేదు. కాలిఫోర్నియాలో లెక్క వేరు. అక్కడి రాష్ట్ర చట్టం ప్రతి ఉల్లంఘనకూ కనీసం 4,000 డాలర్లు ఇప్పిస్తుంది.

మరో అపోహ వైద్య గోప్యత చట్టం గురించి. ‘మీకేమిటి జబ్బు?’ అని దుకాణంలో అడగడమే నేరమని, హిపా చట్టాన్ని ఉల్లంఘించడమని చాలామంది వాదించారు. ఆ చట్టం ఆసుపత్రులు, బీమా కంపెనీలు, వాళ్ల లెక్కలు చూసేవారిని కట్టిపడేస్తుంది. కిరాణా కొట్టు వాకిట్లో నిలబడ్డ కాపలాదారుకు దానితో సంబంధం లేదు.

నాణేనికి రెండో వైపూ ఉంది. కాలిఫోర్నియాలో పెదవుల కదలిక చూసి మాట అర్థం చేసుకునే ఒక బధిర మహిళ నైకీ దుకాణానికి వెళితే, సిబ్బంది మాస్కులే ఆమెకు గోడలయ్యాయి. ఆమె కేసు వేయగా, పారదర్శక మాస్కులు, రాసి చూపడానికి కాగితం, పెన్ను అందుబాటులో ఉంచడానికి కంపెనీ ఒప్పుకుని రాజీ పడింది. మాస్కు లేని గిరాకీ వేసిన దావాలు వరసగా ఓడిపోతున్న కాలంలో, మాస్కు ఉన్న సిబ్బంది మీద వేసిన దావా ఫలితం రాబట్టింది. వికలాంగుల చట్టం ఉన్నది అచ్చంగా ఇలాంటి వారి కోసమే.

గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు

హక్కు ఉండటం వేరు, దాన్ని వాడుకోవడం వేరు. వాల్‌మార్ట్ 2020 జులై 20 నుంచి అమెరికాలోని తన దుకాణాలన్నింటిలో మాస్కు తప్పనిసరి అంది. అప్పటికే దాని 5,000కు పైగా దుకాణాల్లో 65 శాతం స్థానిక ఆదేశాలున్న చోట్లే ఉన్నాయి. గుమ్మం దగ్గర మనుషుల్ని పెట్టింది. అయినా మొండికేసినవారితో గొడవ పడవద్దనే ఆ కంపెనీ, మరికొన్ని పెద్ద గొలుసు దుకాణాలూ సిబ్బందికి చెప్పుకున్నాయి. బయటికి బోర్డు, లోపల సర్దుబాటు. దీన్ని పిరికితనం అనడం తేలిక.

ఆ ఏడాది మే 1న మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్ నగరంలో ఏం జరిగిందో చూస్తే అలా అనబుద్ధి కాదు. ఫ్యామిలీ డాలర్ దుకాణంలో కాపలా కాస్తున్న 43 ఏళ్ల మనిషి, ఒక మహిళ కూతురికి మాస్కు లేదని లోపలికి రానివ్వలేదు. కాసేపటికి ఆ కుటుంబ సభ్యులు తిరిగొచ్చి అతణ్ణి కాల్చి చంపారు. 2021 సెప్టెంబరు 18న జర్మనీలోని ఈడర్-ఓబర్‌స్టైన్ పట్టణంలో, పెట్రోలు బంకులో పనిచేసే 20 ఏళ్ల విద్యార్థిని ఒక కొనుగోలుదారు ఇదే కారణంతో కాల్చేశాడు. అతనికి మరుసటి ఏడాది యావజ్జీవ శిక్ష పడింది. జర్మన్ చట్టం స్థలం యజమానికి తన ఇంట్లో ఉన్నంత అధికారాన్నే దుకాణంలోనూ ఇస్తుంది. ఆ అధికారాన్ని అమలు చేయాల్సి వచ్చింది మాత్రం చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేస్తున్న కుర్రాడు. ఆపితే కొనేవాడికి కోపం, ఆపకపోతే ప్రభుత్వానికి కోపం. మింగమంటే కప్పకు, విడవమంటే పాముకు కోపమన్నట్టు, చట్టం యజమానికిచ్చిన హక్కు బరువంతా తక్కువ జీతగాళ్ల మీద పడింది.

అప్పుడప్పుడు జనం వాళ్ల పక్కన నిలబడ్డారు. 2020 జూన్‌లో శాన్‌డియేగోలో మాస్కు లేకుండా వచ్చినామెకు కాఫీ ఇవ్వనన్న స్టార్‌బక్స్ ఉద్యోగి ఫొటోను ఆమె కోపంతో సామాజిక మాధ్యమాల్లో పెడితే, ముక్కూ మొహం తెలియనివాళ్లు అతనికి లక్ష డాలర్లకు పైగా పోగుచేసి ఇచ్చారు.

కెనడా, బ్రిటన్‌ల లెక్కలు

కెనడా ట్రిబ్యునళ్లు ఈ ప్రశ్నను అందరికంటే సూటిగా తేల్చాయి. బ్రిటిష్ కొలంబియా మానవహక్కుల ట్రిబ్యునల్ 2021 మార్చిలో ‘ది కస్టమర్ వర్సెస్ ది స్టోర్’ అనే కేసులో నిర్ణయం వెలువరించింది. ఇరుపక్షాల పేర్లూ దాచి ఉంచారు. సంఘటన జరిగిన 2020 సెప్టెంబరు నాటికి ఆ రాష్ట్రంలో దుకాణాలకు మాస్కు ఆదేశమే లేదు, అది నవంబరులో వచ్చింది. కనుక వివాదమంతా దుకాణం సొంత నియమం మీదే. మాస్కు పెడితే ఊపిరాడదని ఫిర్యాదుదారు అన్నారు, తనకున్న వైకల్యం ఏమిటో మాత్రం ట్రిబ్యునల్‌కు కూడా చెప్పలేదు. అది తేలకపోతే ఫిర్యాదును ముందుకు తీసుకెళ్లలేమని ట్రిబ్యునల్ తోసిపుచ్చింది. తొలి వడపోతలోనే ఆగిపోయిన నిర్ణయాలను మామూలుగా ప్రచురించరు. ఇలాంటి ఫిర్యాదులు వెల్లువెత్తుతున్నాయి కనుక జనానికి తెలియాలని దీన్ని ప్రచురించారు. అదే ట్రిబ్యునల్ అదే రోజుల్లో, దేవుడిచ్చిన ముఖాన్ని కప్పుకోవడం పాపమన్న ఒక కార్మికుడి మతపరమైన వాదననూ కాదంది.

ఆల్బర్టాలో కాస్ట్‌కో మీద వచ్చిన ఫిర్యాదులోనూ, ఫేస్ షీల్డ్, ఆన్‌లైన్ కొనుగోలు వంటి దారులుండటంతో మానవహక్కుల కమిషన్ దుకాణం పక్షానే నిలిచింది. టొరంటోలో ఒకాయన నగర పాలక సంస్థ మీదే ఫిర్యాదు చేశారు. నగర నిబంధనలో అనారోగ్యం ఉన్నవారికి మినహాయింపు ఉంది, రుజువు అడగకూడదనీ ఉంది. అయినా దుకాణాలు ఆయన్ను రానివ్వలేదు. మినహాయింపు ఇచ్చిన నగరం మీద కాదు, రానివ్వని దుకాణాల మీద ఫిర్యాదు చేయాల్సిందని ఒంటారియో ట్రిబ్యునల్ చెప్పింది. పిట్స్‌బర్గ్ చిక్కుముడే మరో ఊళ్లో.

బ్రిటన్‌లో గాలి కాస్త కొనుగోలుదారు వైపు వీచింది. ఇంగ్లండు దుకాణాల్లో 2020 జులై 24 నుంచి మాస్కు తప్పనిసరి అయింది. స్కాట్లండులో జులై 10కే, వేల్స్‌లో సెప్టెంబరులో. జరిమానా 100 పౌండ్లతో మొదలై, తప్పు చేసిన కొద్దీ రెట్టింపవుతూ 6,400 పౌండ్ల దాకా పెరిగేలా మార్చారు. సమంజసమైన కారణం ఉంటే మినహాయింపు ఉంది, దానికి డాక్టరు చీటీ చూపనక్కర్లేదని ప్రభుత్వమే చెప్పింది. పైకి కనిపించని వైకల్యాలకు గుర్తుగా పొద్దుతిరుగుడు పూల బొమ్మలున్న ఆకుపచ్చ తాడు మెడలో వేసుకోవడం అప్పటికే విమానాశ్రయాల్లో వాడుకలో ఉంది. మాస్కు కాలంలో అది కిరాణా దుకాణాలకూ పాకింది.

అక్కడి 2010 సమానత్వ చట్టం అమెరికా చట్టం కన్నా ఒక విషయంలో పదునైనది. సేవ నిరాకరణతో నొచ్చుకున్న మనసుకు కూడా కౌంటీ కోర్టులో పరిహారం అడగవచ్చు. 2021 జనవరి 11న మోరిసన్స్, సెయిన్స్‌బరీస్ సూపర్ మార్కెట్లు మాస్కు లేనివారిని వెనక్కి పంపుతామని గట్టిగా ప్రకటించినప్పుడు కూడా, వైద్య కారణం ఉన్నవారిని మినహాయించే మాట వదలకపోవడం వెనక ఆ పదును ఉంది.

ఆస్ట్రేలియాలో 2020 జులైలో మెల్‌బోర్న్‌లోని ఒక బన్నింగ్స్ హార్డ్‌వేర్ దుకాణంలో మాస్కు అడిగిన సిబ్బందితో ఒకామె 1948 నాటి మానవహక్కుల పత్రం గురించి వాదించిన వీడియో దేశమంతా తిరిగింది. ఐక్యరాజ్యసమితి చేసిన ఆ ప్రకటన దుకాణం గుమ్మం దగ్గర అమలయ్యే చట్టం కాదు. విక్టోరియా రాష్ట్రంలో అప్పుడు అమల్లో ఉన్నది మాస్కు లేకపోతే 200 డాలర్ల జరిమానా.

మన దేశంలో ఆపకపోవడమే నేరం

భారత రాజ్యాంగం 15వ అధికరణ రెండో భాగం దుకాణం అనే మాటను పేరుపెట్టి ప్రస్తావిస్తుంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు – కేవలం వీటి ఆధారంగా ఎవరినీ దుకాణాల్లోకి, హోటళ్లలోకి రాకుండా ఆపకూడదు. ప్రభుత్వాన్నే కాదు, ప్రైవేటు మనిషిని కూడా కట్టిపడేసే అరుదైన ప్రాథమిక హక్కు ఇది. బావి దగ్గరా గుడి దగ్గరా దూరం పెట్టి, కాఫీ హోటల్లో గ్లాసు వేరుగా పెట్టిన దేశానికి అది అవసరం. దుకాణం అంటే ఏమిటన్న చర్చ రాజ్యాంగ సభలో వచ్చినప్పుడు, సేవ అందించే వారందరినీ కలుపుకునే విశాలార్థంలోనే ఆ మాట వాడామని అంబేడ్కర్ చెప్పారు. 2011లో సుప్రీంకోర్టు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో ఆ అర్థాన్నే నిలబెట్టింది. అంటరానితనం పేరుతో దుకాణంలోకి రానివ్వకపోవడం 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం కింద నేరం. మాస్కు లేకపోవడం ఈ కారణాల్లో ఏదీ కాదు కనుక రాజ్యాంగం దుకాణదారును అడ్డుకోదు.

అసలు 2020–22 మధ్య ఇక్కడ ‘ఆపవచ్చా’ అన్న ప్రశ్నే తలెత్తలేదు. 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం, 2005 కింద ఇచ్చిన ఆదేశాల్లో బహిరంగ స్థలాల్లో మాస్కు తప్పనిసరి చేసింది. తర్వాతి ఆదేశాల్లో దుకాణంలో ఒకేసారి ఐదుగురికి మించి ఉండకూడదంది. తెలంగాణలో మాస్కు లేని మనిషికి 1,000 రూపాయల జరిమానా విధించారు. ఆంధ్రప్రదేశ్ 2021 ఆగస్టులో భారాన్ని తూచిన తీరు వేరు: మాస్కు లేనివాడికి 100 రూపాయలు, వాణ్ణి లోపలికి రానిచ్చిన దుకాణానికి 10,000 నుంచి 25,000 రూపాయలు, పైగా ఒకటి రెండు రోజుల మూత. ఉల్లంఘన కనబడితే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమని జనాన్ని కోరింది. తప్పు చేసినవాడి కన్నా చూసి ఊరుకున్నవాడికి కనీసం వంద రెట్ల శిక్ష! ఆ లెక్కలో దుకాణదారుకు మాస్కు అడగడం హక్కు కాదు, ప్రాణావసరం. ఎక్కడ చూసినా ‘నో మాస్క్ – నో ఎంట్రీ’ బోర్డులు వెలిసింది కూడా అందుకే.

దీనికి ఎదురుగా నిలిచే నియమం ఒకటుంది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం మందుల షాపువాడు తన దగ్గరున్న మందును కొనడానికి వచ్చినవారికి అమ్మనని అనకూడదు. కిరాణా కొట్టుకు లేని ఈ బాధ్యత మందుల షాపుకు ఉంది. మరి మాస్కు లేని రోగి మందు చీటీతో వస్తే? ఈ రెండు నియమాలూ ఢీకొనకపోవడానికి కారణం మన అంగళ్ల నిర్మాణమే. మందుల షాపైనా కిరాణా కొట్టైనా గల్లా వీధి వైపు తిరిగి ఉంటుంది, గిరాకీ బయటే నిలబడతాడు. 2020 వేసవిలో కొట్టు ముందు తాడు కట్టి, సున్నంతో గుండ్రాలు గీసి, సంచీ బల్ల మీదికి తోసి డబ్బు తీసుకున్నారు. పిట్స్‌బర్గ్‌లో న్యాయమూర్తి సహేతుకమైన సర్దుబాటుగా గుర్తించిన ఏర్పాటు మన వీధి కొట్లకు పుట్టుకతోనే ఉంది. చిక్కంతా లోపలికి వెళ్లి ఏరుకోవాల్సిన సూపర్ మార్కెట్లకూ మాల్స్‌కూ వచ్చింది.

వికలాంగుల విషయంలో మనకు 2016 చట్టం ఉంది. వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదని, సహేతుకమైన సర్దుబాటు చేయాలని అది చెబుతుంది, న్యాయమైన లక్ష్యానికి తగిన మోతాదులో ఉన్న చర్యను మాత్రం తప్పు పట్టదు. అమెరికాలోలా ఈ చట్టాన్ని పట్టుకుని కొనుగోలుదారులు దుకాణాల మీదికి దండెత్తలేదు.

సుప్రీంకోర్టు మాట కాస్త ఆలస్యంగా, అదీ టీకా గురించి వచ్చింది. 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో, ఎవరినీ టీకా వేసుకొమ్మని బలవంతం చేయరాదని, టీకా లేనివారిని బహిరంగ స్థలాలకు రానివ్వకపోవడం అప్పటి పరిస్థితుల్లో తగిన చర్య కాదని చెప్పింది. అదే తీర్పులో, ఈ సూచన కోవిడ్ జాగ్రత్తల ఆదేశాలకు వర్తించదని స్పష్టం చేసింది. ఒంట్లోకి ఎక్కించే సూదినీ ముఖం మీద కాసేపు పెట్టుకునే గుడ్డనూ కోర్టు ఒకే గాటన కట్టలేదు. అప్పటికే కేంద్రం విపత్తు చట్టం కింది ఆదేశాలను 2022 మార్చి 31తో ముగించింది.

తారుమారైన నియమం

మహమ్మారి తగ్గాక ప్రశ్న తలకిందులైంది. 2023 మార్చిలో న్యూయార్క్ మేయర్ ఎరిక్ ఆడమ్స్, దుకాణంలోకి అడుగుపెట్టేటప్పుడు మాస్కు కిందికి లాగి ముఖం చూపమని కొనుగోలుదారులను అడగాలంటూ వ్యాపారులను కోరారు. మాస్కు చాటున దోపిడీలు జరుగుతున్నాయన్నది ఆయన కారణం. అదే రాష్ట్రంలోని నాసా కౌంటీ 2024 ఆగస్టులో బహిరంగ స్థలాల్లో ముఖం దాచుకునే మాస్కులనే నిషేధించింది, ఆరోగ్య, మత కారణాలకు మినహాయింపునిచ్చింది. ఇక్కడా పాత సూత్రమే వర్తిస్తుంది. మాస్కు ఉన్నవాణ్ణి రావద్దనే స్వేచ్ఛ కూడా దుకాణదారుకు ఉంది, రోగనిరోధక శక్తి తగ్గిన మనిషి విషయంలో మాత్రం వికలాంగుల చట్టం అడ్డొస్తుంది.

ఫ్లోరిడా ఈ సూత్రాన్నే పక్కన పెట్టింది. 2023 మే 11న గవర్నర్ రాన్ డీశాంటిస్ సంతకం చేసిన చట్టం ప్రకారం అక్కడ వ్యాపారులు కొనుగోలుదారులను మాస్కు పెట్టుకోమని ఒత్తిడి చేయకూడదు, లేదన్న కారణంతో లోపలికి రానివ్వకపోవడం కుదరదు. ఆసుపత్రులకు, వృత్తిరీత్యా రక్షణ తొడుగులు తప్పని పనులకు మినహాయింపు ఉంది. ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల దాకా జరిమానా. అదే ఏడాది టెక్సాస్ కూడా మాస్కు ఆదేశాల మీద నిషేధం తెచ్చింది, కానీ అది ప్రభుత్వ సంస్థలకే పరిమితం. హ్యూస్టన్‌లో కొట్టు పెట్టుకున్నవాడు ఈ రోజుకీ తన గుమ్మం మీద ‘మాస్కు ఉంటేనే లోపలికి’ అని రాసి పెట్టుకోవచ్చు. మయామీలో ఆ బోర్డు పెట్టడానికి వీల్లేదు.